ప్రమాణ దోషం

అదీగాక తప్పు వేరు, దోషం వేరు. తప్పు ఎవరో ఒకరు చేస్తారు. దోషం ఊరికే ఉంటుంది. కంట్లో ఉంటుంది, జాతకంలో ఉంటుంది, దానికి కర్త అక్కర్లేదు. అందుకే ఆ మాట ఎంచుకున్నాడు తను. నిజంగా అందుకేనా? లేక ఎంచుకున్నాక ఈ కారణం వచ్చి చేరిందా? చాలాసార్లు మనిషి పని ముందు చేసేస్తాడు. కారణం మాత్రం, ఆలస్యంగా వచ్చిన గుమస్తాలా, చప్పుడు కాకుండా లోపలికి జారి, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు మొహం పెట్టి కూర్చుంటుంది...

"గురునాథం గారూ, మిమ్మల్నే అడుగుతున్నది. ఈ దోషం ఎవరిది?"

గురునాథం ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. సమావేశపు బల్ల చుట్టూ పద్నాలుగు మొహాలు అతని వైపు తిరిగి ఉన్నాయి. ఆ చివర ముఖ్య అంచనాధికారి పద్మాకరం గారు ఎర్రసిరా కలంతో, నివేదికలో ఒక వాక్యం కింద అప్పటికే మూడుసార్లు గీసిన గీతను నాలుగోసారి గీస్తున్నారు.

ఆ ఆఫీసు పేరు భవిష్యత్ అంచనాల సంచాలక కార్యాలయం. ఆటోవాళ్లు జోస్యాల ఆఫీసంటే తప్ప గుర్తుపట్టరు. ధరలు, కరువులు, వలసలు ఇంకా రాకముందే వాటిని లెక్క కట్టి ప్రభుత్వానికి చెప్పడం అక్కడి పని. అందులో ఉల్లి ధర గురునాథానిది. ఇరవై ఒక్క ఏళ్లు ఆ నివేదికను ఇంగ్లీషులో రాశాడు. ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఈ ఉగాది నుంచి ప్రతి కాగితమూ తెలుగులోనే ఉండాలని, ఒక్క ఇంగ్లీషు ముక్క కనిపించినా సహించేది లేదని ఉత్తర్వు వచ్చింది. గురునాథం లోలోపల సంబరపడ్డాడు. కాలేజీ నాటి పాత తెలుగు గణాంక పుస్తకం అట్టపెట్టెలోంచి తీసి, దుమ్ము దులిపి, ఒక్కొక్క మాటా వెతికి పెట్టుకున్నాడు. తెలుగులో రాస్తే అర్థమవుతుందన్నది అతని ఆశ. చదివినవాళ్లకి అర్థమైపోయినట్టు అనిపిస్తుందన్నది అతనికి తట్టలేదు.

పద్మాకరం గారు ఆ వాక్యాన్ని పైకి చదివారు.

"రాబోయే పంటకాలంలో గూడెంచెర్ల యార్డులో ఉల్లి ధర కిలో తొమ్మిది రూపాయలు. ప్రమాణ దోషం రెండు రూపాయలు. తొంభై అయిదు శాతం విశ్వాస అంతరం అయిదు నుంచి పదమూడు వరకు." కలం బల్ల మీద పెట్టారు. "దోషం ఉందని మనమే రాస్తున్నాం. అదీ ఊరికే కాదు, ప్రమాణం చేసి మరీ రాస్తున్నాం."

"ప్రమాణమంటే ఒట్టు కాదండి," అన్నాడు గురునాథం. "కొలబద్ద. మన అంచనా అటూ ఇటూ ఎంత జరగొచ్చో చెప్పే కొలత. మనకు తెలియనిది ఎంతో..."

"మనకు తెలియనిది ఉందని ఎవరు ధ్రువీకరించారు?"

అది నిజానికి మంచి ప్రశ్నే. అడిగినవారికి ఆ సంగతి తెలియకపోవడం వల్ల సమాధానం చెప్పడం కష్టమైంది.

"ఇక ఈ విశ్వాస అంతరం," పద్మాకరం గారు కొనసాగించారు. "ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య విశ్వాసంలో అంతరం ఉందన్న ధ్వని వస్తోంది. తొంభై అయిదు శాతం విశ్వాసమైతే మిగతా అయిదు శాతం ఏమిటి? అవిశ్వాసమా? ఒక పక్క శాసనసభ నడుస్తోంది గురునాథం గారూ. అవిశ్వాసం అన్న మాట మన ఆఫీసు గుమ్మం దాటి బయటికి పోతే దానికి ఎవరు బాధ్యులు?"

ఒక ఉపసంచాలకుడు గొంతు సవరించుకున్నాడు. "అనుబంధంలో ఇంకోటుందండి. స్వాతంత్ర్య పరిమాణాలు ఇరవై ఏడు అని రాశారు. ఇన్ని స్వాతంత్ర్యాలు ఏ జీవో కింద మంజూరయ్యాయో రాయలేదు."

"రాసుకోండి రాజ్యం గారూ," అన్నారు పద్మాకరం గారు.

సూపరింటెండెంటు రాజ్యం గారు రాసుకుంది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ అన్నీ రాసుకుంటోంది. ఏది రాసుకుంటున్నప్పుడూ ఆవిడ మొహం మారగా ఎవరూ చూడలేదు.

పద్మాకరం గారి కుడిచేతికి మూడు ఉంగరాలు. శనికి ఒకటి, రాహువుకి ఒకటి, మూడోది ముందుజాగ్రత్తకి. మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలితో నీలం రాయిని తిప్పుతూనే ఉన్నారు. గురునాథం ఆ వేలినే చూస్తున్నాడు. ఈయనకి దోషమంటే చిన్నప్పటి నుంచీ భయం. ఎవరో ఒకరు నెత్తి మీద చెయ్యేసి, నీకే దోషమూ లేదు నాయనా అని చెప్పేదాకా ఈయన నిద్రపోడు. అలాంటి మనిషికి రోజూ పొద్దున్నే దోషం లెక్క కట్టి చేతికిచ్చే ఉద్యోగం ఇచ్చారు. ఇందులో ప్రమాణ దోషం ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

మంగళవారాలూ శుక్రవారాలూ పదిగంటలకి గురునాథం బల్ల మీద ఫోను మోగుతుంది. గూడెంచెర్ల యార్డు నుంచి సుంకన్న. రెండెకరాల్లో ఉల్లి వేసుకుని, యార్డు రోజున అక్కడి ధర ఫోనులో చెప్పే పని కూడా చూస్తుంటాడు. ఈ పదకొండేళ్లలో వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అయినా గురునాథానికి వారంలో తనతో మాట్లాడే మనుషుల్ని లెక్కపెట్టుకుంటే మొదటి పేరు సుంకన్నదే వస్తుంది. రెండో పేరు కోసం కొంచెం ఆలోచించాలి.

"సార్, సుంకన్నని. ఈ పొద్దు ఏడు."

"శుక్రవారం ఎనిమిదన్నావు."

"శుక్రారం శుక్రారమే గదా సార్."

"వచ్చేవారం ఎట్లా ఉంటుందంటావు?"

"ఏమో సార్. ఆ ఉల్లిగడ్డకు తెలుసా, నాకు తెలుసా."

గురునాథం నవ్వుకున్నాడు. తన నలభై పేజీల నివేదిక సారాంశమంతా అదే.

"సార్, ఈ తూరి గుడక మాకు కొనే కేంద్రం పెడతారా?" సుంకన్న గొంతు కొంచెం తగ్గింది. "ఇంగ నెలన్నరకు గడ్డ పీకల్ల. పీకినాక పెట్టుకునేకి తావు లేదు, వానొస్తే కుళ్లిపోతాది. పోయినేడు మూడుకు పడిపోయింటే మీ కేంద్రమోళ్లు ఆరుకు కొనుక్కున్యారు. అది గిన లేకపోయింటే గొర్రెలకు ఏసేటోన్ని."

ఆ కేంద్రం సంగతి ఒక నిబంధన మీద ఆధారపడి ఉంది. అంచనాలో కనిష్ఠ ధర ఆరు రూపాయల కంటే తక్కువ ఉంటే ఆ యార్డులో ప్రభుత్వం కొనుగోలు కేంద్రం తెరవాలి. తొమ్మిదికి అటూ ఇటూ దోషానికి రెండింతలు వేసి అయిదు నుంచి పదమూడు అని రాస్తే, అయిదు ఆరు కన్నా తక్కువ కాబట్టి కేంద్రం వస్తుంది. ఆ రెండు రూపాయల దోషమే సుంకన్నకి గొడుగు. దోషాన్ని తీసేసి ఉత్త తొమ్మిది అని రాస్తే కేంద్రం రాదు.

"పెడతారనే అనుకుంటున్నాను," అన్నాడు గురునాథం.

"అనుకుంటాండారు గదా, సాలు సార్."

దోషి ఎవరో తేల్చడానికి విశ్రాంత జడ్జి నృసింహమూర్తి గారితో ఏకసభ్య సంఘం వేశారు. ఆయన గురునాథం గదికే వచ్చి, కుర్చీ కిటికీ వైపు తిప్పించుకుని, కళ్లు మూసుకుని విచారణ మొదలుపెట్టారు.

"ఈ దోషం మొట్టమొదట ఎప్పుడు కనిపించింది?"

"లెక్క పూర్తయ్యాకండి. ప్రతి లెక్కలోనూ ఉంటుంది."

"ఉంటుంది సరే. పుట్టినప్పుడు గదిలో ఎవరెవరున్నారు?"

"నేనొక్కణ్ణేనండి."

"అంటే ఒప్పుకుంటున్నారు."

"దాన్ని యాదృచ్ఛిక దోషమంటారండి. ఎవరూ చెయ్యకుండానే వస్తుంది. వాన, లారీల సమ్మె, పెళ్లిళ్ల ముహూర్తాలు, పక్క రాష్ట్రంలో పంట... అన్నీ కలిసి..."

జడ్జి గారు ఒక కన్ను తెరిచారు. "ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఎవరూ చెయ్యకుండా జరిగింది ఒక్కటి కూడా నా దృష్టికి రాలేదు. చేసినవాడు దొరకకపోవడం వేరు."

చిత్రమేమిటంటే, ఆ గంటసేపూ గురునాథానికి బాధ కలగలేదు. ఒక రకమైన ఊరట కలిగింది. తన లోపల ఏదో దోషం ఉందని చాన్నాళ్లుగా అతనికి అనుమానం. దాని గురించి కూర్చోబెట్టి, పద్ధతిగా, సంతకంతో సహా అడిగినవాళ్లు లేరు. ఎనిమిదేళ్ల కింద భార్య హైమవతి వైజాగులో ఉద్యోగం వచ్చిందని పెట్టె సర్దుకుంటూ అడిగింది, "నేను వెళ్లిపోతే మీకు బాధగా ఉంటుందా?" అని. అతను నిజాయితీగా ఆలోచించాడు. చాలా బాధ నుంచి ఏమీ లేకపోవడం దాకా అన్నీ సాధ్యమేననిపించింది. "ఏమో," అన్నాడు. అది తనకు తెలిసిన అతి కచ్చితమైన సమాధానం. ఆవిడ దాన్ని ఒకే అంకెగా, సున్నాగా తీసుకుంది. ఉంటుంది అని అన్నట్టయితే? అదీ అబద్ధం కాదు. కానీ అంచనా అడిగినప్పుడు అంకె చెప్పడం, మనిషి అడిగినప్పుడు కూడా అంచనా చెప్పడం...

"సంతకం ఇక్కడ," అన్నారు జడ్జి గారు.

సంఘం నివేదిక పదో రోజున వచ్చింది. దోషము రెండు రూపాయల మేరకు ఉన్నదనుట నిర్వివాదాంశమనీ, దోషి లేడనుట న్యాయశాస్త్ర విరుద్ధమనీ, కావున సదరు దోషమును సంబంధితుల మధ్య పంచవలసి ఉన్నదనీ అందులో ఉంది. అరవై శాతం గురునాథానికి. పది శాతం ధర నివేదించిన సుంకన్నకి. మిగతా ముప్ఫై శాతం లెక్క కట్టిన కంప్యూటరుకి. పంపకం వివరాలు ముగ్గురి సర్వీసు రిజిస్టర్లలోనూ ఎక్కించాలన్నారు. కంప్యూటరుకి సర్వీసు రిజిస్టరు లేకపోతే కొత్తది తెరిచారు. పుట్టినతేదీ దగ్గర కొన్న తేదీ వేశారు, తండ్రి పేరు దగ్గర సప్లయరు పేరు.

ఆ పైన జరగాల్సిన శాఖాపరమైన విచారణ పూర్తయ్యేదాకా కంప్యూటరును సస్పెన్షన్‌లో ఉంచారు. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి సగం జీతం ఇవ్వాలి గనక దానికి సగం కరెంటు ఇవ్వాలని జీతాలు చూసే స్థాపన విభాగం వారు పట్టుబట్టారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, సగం కరెంటు ఇస్తే అది వెలగదని చెప్పాడు. అయితే పూట విడిచి పూట ఇవ్వమన్నారు. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా అది తెల్లగుడ్డ కప్పుకుని ఉండేది. మధ్యాహ్నం వెలిగేది గానీ, సస్పెన్షన్‌లో ఉన్నదానితో పని చేయించుకోవడం నేరం కాబట్టి దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు.

"మీకంటే అదే నయం," అంది రాజ్యం గారు, టీ గ్లాసు గురునాథం బల్ల మీద పెడుతూ. "దానికి ముప్ఫై శాతమే."

ఆ పైవారం నిర్దోష పక్షోత్సవాలు మొదలయ్యాయి. మెట్ల మీద బ్యానరు కట్టారు. అంచనాల్లో దోషాన్ని ఈ పదిహేను రోజుల్లో సగానికి, సంవత్సరాంతానికి సున్నాకి తేవాలన్నది లక్ష్యం. పొద్దున్నే సిబ్బందంతా ఆవరణలో నిలబడి కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చెయ్యాలి: "నాకు తెలియనిది లేదని, ఉన్నచో దానిని పై అధికారికి తెలియనివ్వనని..." రెండో ముక్క పద్మాకరం గారు స్వయంగా రాసిందని చెప్పుకున్నారు. దోష నివారణకు తీసుకున్న చర్యల నివేదిక పంపండని జిల్లాలకు సర్క్యులరు వెళ్లింది. ఒక జిల్లా అధికారి దాన్ని తనకు తెలిసిన అర్థంలోనే తీసుకుని, ఆఫీసులో హోమం చేయించి, ఫొటోలు జతచేసి పంపాడు. వచ్చిన జవాబులన్నిట్లోకీ ఆచరణాత్మకంగా ఉన్నది అదొక్కటేనని పై నుంచి ప్రశంసాపత్రం వెళ్లింది.

మూడోరోజున నిషిద్ధ పదాల జాబితా నోటీసు బోర్డెక్కింది. సుమారు, దాదాపు, ఇంచుమించు, బహుశా, కావచ్చు, అటూఇటూగా. చివర్న, ప్రత్యేకంగా బాక్సు కట్టి, ఏమో. ఏ కాగితంలోనైనా వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ కాగితం అశుద్ధమైనదిగా పరిగణింపబడును.

దాంతో ఆఫీసులో జీవితం చాలా కచ్చితంగా తయారైంది. జ్వరంతో సెలవు పెట్టేవాళ్లు అది ఎప్పుడు తగ్గేదీ రాయాలి. మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నా జ్వరము తగ్గును అని ఒకాయన రాశాడు. అది సోమవారం సాయంత్రమే తగ్గిపోయేసరికి, మెమో ఇస్తారని భయపడి మర్నాడు మూడింటిదాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. క్యాంటీన్‌లో ఎన్ని భోజనాలు అవుతాయో ముందురోజే అంచనా కట్టాలి. అరవై రెండని రాసిన రోజున అరవై ముగ్గురు వచ్చారు. అరవై మూడో మనిషిని దోషం కింద తేల్చి గుమ్మంలోనే ఆపేశారు. ఆయన ఆడిట్ వారి తరఫున వచ్చినవాడు కావడంతో కొంత గొడవైంది.

ఇంత చేసినా రెండు రూపాయల దోషం రెండు రూపాయలుగానే ఉంది. అది నిర్లక్ష్యమా, ధిక్కారమా అని పద్మాకరం గారు గురునాథాన్ని పిలిచి అడిగారు.

"అంచనాకీ నిజంగా పలికిన ధరకీ మధ్య తేడాల నుంచి వస్తుందండి అది," అన్నాడు గురునాథం. "గడిచిన ఇరవై ఏడేళ్ల ధరలు చూస్తే, ఏటా మన అంచనా ఒకటి, పలికింది ఒకటి. ఆ తేడాలు ఉన్నంతకాలం..."

పద్మాకరం గారి బొటనవేలు నీలం రాయి మీద ఆగిపోయింది. కళ్లలో వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూడగానే తను చెప్పకూడనిది చెప్పేశానని గురునాథానికి అర్థమైంది.

"అంటే," అన్నారు పద్మాకరం గారు నెమ్మదిగా, "ఆ పలికిన ధరల్ని అంచనాలతో సమన్వయపరిస్తే?"

"అవి జరిగిపోయినవండి."

"జరిగిపోయినవే కదా. ఇప్పుడు వాటితో ఎవరికి అవసరం?"

నలుగురు గుమస్తాలు తొమ్మిది రోజులు కూర్చుని ఇరవై ఏడేళ్ల ఉల్లి ధరల్ని సవరించారు. అంచనాకు ఎక్కువ పలికిన చోట తగ్గించారు, తక్కువ పలికిన చోట పెంచారు. ఒక ఏడు గూడెంచెర్ల రైతులు ధర లేక ఉల్లిని రోడ్డు మీద పారబోసి బస్సులు ఆపిన సంగతి ఫైల్లో ఉంది. ఆ ఏడు ధర పన్నెండని సవరించాక ఆ పారబోతకి కారణం లేకుండా పోయింది. అందుకని రోడ్డును కూడా ఖాళీ చేశారు. ఫైల్లోంచి ఆ పేజీ తీసేశారు. కంప్యూటరు మీది తెల్లగుడ్డ తీసి, సస్పెన్షన్ ఎత్తేసి, కుంకుమబొట్టు పెట్టి లెక్క కట్టమన్నారు. ఉల్లి ధర తొమ్మిది రూపాయలు. దోషం సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు. గురునాథం చేతులు కూడా కలిసి విడిపోతున్నాయి. ఈ చప్పట్లు కొడుతున్నది ఎవరు? తనే. తను ఎందుకు కొడుతున్నాడు? ఏడెనిమిది చప్పట్లు అయ్యేసరికి కారణం దొరికింది: అందరూ కొడుతుంటే తనొక్కడూ కొట్టలేదన్న పేరు రాకుండా, అందరితోపాటు మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది బయటి ప్రపంచం ఒక్కటే. అంచనా నిర్దోషి అని తేలిపోయింది గనక, దానికి విరుద్ధంగా ఏదైనా జరిగితే దోషం జరిగినదానిదే అవుతుంది. ధరలు తప్పు పలుకుతున్న యార్డులకు సంజాయిషీ నోటీసులు వెళ్లాయి.

శుక్రవారం పదింటికి ఫోను మోగింది.

"సార్, సుంకన్నని. ఈ పొద్దు అయిదు." కాగితం విప్పుతున్న చప్పుడు వినిపించింది. "సార్, నాకొక నోటీసొచ్చినాది. మా ఇంటామె సదివి సెప్పింది. మంగళారం నేను ఐదున్నర అని సెప్పినా గదా. గవుర్మెంటు తొమ్మిదని సెప్పినాక ఐదున్నర ఎందుకు పలికినాదో ఏడు దినాల్లో సంజాయిషీ ఇయ్యల్లంట."

"నువ్వేం రాశావు?"

"పలికింది గాబట్టి పలికింది అని రాసినా. ఏమన్నా తప్పుంటాదా సార్ అందులో?"

"లేదు."

"పది శాతం దోషం గూడ నాదంట. అదేం దోషం సార్? మా ఇంటామె శనివారాలు ఆంజనేయసామి గుడికి పోదాం అంటాంది."

"అది నీ దోషం కాదు సుంకన్నా. మాట నేను రాశాను. రాసినదానికి వాళ్లు ఇంకో అర్థం తీసుకున్నారు."

"మాటకేముంది లే సార్. వచ్చే ఆదివారం గడ్డ పీకల్ల. ఇంగ ఆపేకి లేదు, ఆకు పండిపోయింది. కేంద్రం వస్తాదా రాదా, అది సెప్పు సార్. వస్తాదంటే యార్డుకు తోలతా. రాదంటే సేన్లోనే ఇడిసిపెడతా, కూలి అయినా మిగులుతాది. ఎట్లుంటాదంటావు?"

ఏమో అనబోయాడు గురునాథం. ఎదురుగా నోటీసు బోర్డులో బాక్సు కట్టిన మాట కనిపించింది. పదకొండేళ్లలో మొదటిసారి సుంకన్న అతన్ని అంచనా అడుగుతున్నాడు. అడిగింది అంచనా కూడా కాదు. హైమవతి కూడా అప్పుడు అడిగింది అంచనా కాదు.

"సాయంత్రం చెబుతాను," అన్నాడు.

సాయంత్రం అయిదింటికి గడువు. అప్పటిలోగా నిర్దోష అంచనా పత్రం మీద అంచనా కట్టినవాడు సంతకం పెట్టి పైకి పంపాలి. నాలుగున్నరకి రాజ్యం గారు ఆ పత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకే పేజీ. పైన ప్రభుత్వ గుర్తు, కింద ఒక వాక్యం: గూడెంచెర్ల యార్డులో ఉల్లి ధర కిలో తొమ్మిది రూపాయలు. దాని కింద సంతకానికి జాగా.

"వెనకాల నిబంధనలున్నాయి. చదువుతారా?" అంది ఆవిడ.

"ఏముంటాయి?"

"పదకొండోది బాగుంది." ఆవిడ కళ్లజోడు సవరించుకుని, దినపత్రికలో వార్త చదివినట్టు చదివింది. "పత్రమునందు నిషిద్ధ పదములలో ఏ ఒక్కటి ఉన్నను పత్రము అశుద్ధమగును. అశుద్ధ పత్రము శుద్ధికై పద్నాలుగు దినములు నిలుపబడును. గడువులోగా శుద్ధ పత్రము అందని యార్డులలో నిరుటి ఏర్పాట్లే కొనసాగును." కాగితం మళ్లీ తిప్పి పెట్టింది. "రాసినాయన ఎవరో గానీ తడిబట్ట కట్టుకుని రాసినట్టున్నాడు."

గురునాథం తలెత్తి చూశాడు. రాజ్యం గారి మొహంలో ఎప్పటిలాగే ఏమీ లేదు.

"నిరుడు గూడెంచెర్లలో కేంద్రం ఉంది కదా," అన్నాడు అతను.

"ఉంది కామోసు. నాకేం తెలుసు, నేను రాసుకునేదాన్ని." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "తపాలా వాడు పావుతక్కువ అయిదుకి వస్తాడు. కవరు అంటించేసే ఉంచండి. పద్మాకరం గారు ఎలాగూ చూడరు, దోషం లేనిదాన్ని చూడాల్సిన పనేముంది అన్నారు."

గదిలో గురునాథం ఒక్కడే మిగిలాడు. ఒక్కడే ఉండటం అతనికి అలవాటే. కానీ ఇవాళ ఆ ఒక్కడూ పూర్తిగా తనవైపు లేడనిపించింది. సంతకం పెడితే ఏమవుతుంది? సర్వీసు రిజిస్టరులో అరవై శాతం కొట్టేస్తారు. మూడేళ్లలో రిటైరవుతాడు. సుంకన్న ఉల్లిని గొర్రెలు తింటాయి. ఆ తర్వాత మంగళవారాలూ శుక్రవారాలూ పదింటికి ఫోను మోగుతుందా? మోగొచ్చు, మోగకపోవచ్చు. సంతకంతోపాటు ఇంకేదైనా రాస్తే? అరవై కాస్తా నూరవుతుంది. ఈసారి జడ్జి గారికి కళ్లు తెరవాల్సిన పని కూడా ఉండదు. గదిలో ఎవరున్నారంటే తనొక్కడే. పింఛను ఆగుతుందా? ఆగొచ్చు. ఎంతకాలం? దానికీ ఒక అంతరం ఉంటుంది, చాలా వెడల్పైనది.

ఇన్నేళ్లూ తనకు తెలియనిదాన్ని అంకెల్లో దాచుకుని బతికాడు. ప్రమాణ దోషం, విశ్వాస అంతరం, యాదృచ్ఛికం. అవన్నీ కలిపి ఒకే మాట. ఆ మాటను నోటితో వెయ్యిసార్లు అని ఉంటాడు. కాగితం మీద ఒక్కసారీ రాయలేదు. రాస్తే ఎలా ఉంటుందో కూడా తెలియదు.

నాలుగూ నలభైకి వరండాలో తపాలా సంచీ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. గురునాథం కలం మూత తీశాడు. ముందు సంతకం పెట్టాడు, పూర్తి పేరుతో, తేదీతో, ఎవరూ ఇంకొకరిదని అనడానికి వీల్లేకుండా. తర్వాత కలాన్ని పై వాక్యం దగ్గరికి తీసుకెళ్లి, తొమ్మిది రూపాయలు అన్నచోట చుక్కను కామాగా దిద్ది, దాని పక్కన గుండ్రటి అక్షరాలతో, తప్పు పోకుండా, రాశాడు: ఏమో.